ఇసోతేస్‌కి మా ఇంటి మాట

మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం కానీ చదవడం ఎవరికీ రాదు. మా నాన్నకు రాలేదు, ఆయన నాన్నకూ రాలేదు. పుదుచ్చేరికి ఎప్పుడొచ్చామో చెప్పేవాళ్ళు లేరు. కోసపాళయంలో ఇల్లు, బాహూర్ పక్కన కొంచెం పొలం, గడప లోపల ఒక భాష, గడప దాటితే ఇంకొకటి. నాకు మాత్రం అక్షరాలు వచ్చాయి. ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నన్ను ఒకప్పుడు నాలుగేళ్ళు యానాం వేశారు. అక్కడ ఫైళ్ళు తెలుగులో ఉండేవి. ముప్పై ఏళ్ళు దాటాక ఒకటో తరగతి వాచకం కొనుక్కుని, పక్కింటి పిల్లలతో కలిసి దిద్దుకున్నాను. అందుకే నేను రాసే తెలుగు యానాంది, మాట్లాడేది మా ఇంటిది. రెండూ ఒకటే అంటారు గానీ నాకు ఇప్పటికీ అట్లా అనిపించదు.

ఆ అక్షరాల కోసమే రెండేళ్ళ కింద ఒక పెద్దాయన నన్ను వెతికించారు. ఆయన రిటైరైన పాదిరి. చాలా ఏళ్ళు పాదిరులయ్యేవాళ్ళకు గ్రీకు పాఠం చెప్పారట. మా ఆఫీసులో ఆయన చర్చికి పోయే ఒకావిడ ఉంది, ఆవిడ తీసుకెళ్ళింది. వైతికుప్పానికి పోయే దారిలో, మేడ మీద రెండు గదులు. ఉప్పుగాలికి కిటికీ చువ్వలు తుప్పుపట్టి పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. ఆయన కంటిచూపులో సరిగ్గా నడిమధ్య మచ్చ పడింది. ఎదురుగా ఉన్న మనిషి కనపడడు, పక్కనున్నది కనపడుతుంది. అందుకని నాతో మాట్లాడేటప్పుడు మొహం గోడ వైపు తిప్పుకునేవారు. మొదటిరోజు నా మీద కోపమేమో అనుకున్నాను.

మా మాటలన్నీ తమిళంలోనే. ఆయన చెప్పింది ఇది. గ్రీకులో ఇసోతేస్ అని ఒక మాట ఉంది. సమానం అని అర్థం చెబుతారు. క్రైస్తవుల గ్రంథంలో అది రెండు ఉత్తరాల్లోనే వస్తుంది. ఆ ఒక్క మాట మీద చిన్న పుస్తకం రాస్తున్నారు.

"మన పుదుచ్చేరి కింద తమిళం ఉంది, మాహేలో మలయాళం ఉంది, యానాంలో తెలుగు ఉంది, పాత ఫ్రెంచి ఎట్లాగూ ఉంది," అన్నారు. "ఈ నాలుగింటిలో ఆ మాటను ఎట్లా తెచ్చారో చూడాలి. తమిళం, ఫ్రెంచి నాకొచ్చు. మలయాళానికి ఒకరు దొరికారు. తెలుగు మాట్లాడేవాళ్ళు ఈ ఊళ్ళో వీధికి పదిమంది ఉన్నారు, చదివేవాళ్ళే లేరు."

"నేను హిందువుని అయ్యా. మీ గ్రంథం ఎప్పుడూ ముట్టలేదు. తప్పులు చదువుతానేమో."

"తప్పు చదివినా పరవాలేదమ్మా. చదివాక అది నీ చెవికి ఏమని వినిపించిందో చెప్పు. నాకు అది కావాలి."

శనివారం మధ్యాహ్నాలు పోవడం మొదలుపెట్టాను. ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పుడు చెప్పలేను. యానాం నుంచి వచ్చాక ఆ అక్షరాలతో నాకు పని పడలేదు. ఎవరో ఒకరు చదవమన్నారు, అంతే.

మొదటి ఉత్తరంలో సంగతి ఇట్లా ఉంది. ఒక ఊళ్ళో నమ్మినవాళ్ళు తిండికి లేక ఇబ్బంది పడుతున్నారు. ఇంకో ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఉంది. ఉన్నవాళ్ళను పంపమని ఉత్తరం రాసిన ఆయన అడుగుతున్నాడు. వాళ్ళు తేలికపడి మీరు భారంలో పడాలని కాదు, ఇప్పుడు మీ దగ్గర మిగిలింది వాళ్ళ కొరతకు పోతుంది, ఇంకోసారి వాళ్ళ మిగులు మీ కొరతకు వస్తుంది, అప్పుడు ఇసోతేస్ అవుతుంది అంటాడు. రెండో ఉత్తరంలో అదే మాట యజమానులతో చెప్పినది. మీ బానిసలకు న్యాయమైనదీ, ఇసోతేసూ ఇవ్వండి అని. తమిళంలో మొదటిచోట సమనిలై అని వేశారు, రెండోచోట సెవ్వై, అంటే సక్రమమైనది, అని వేశారు. తెలుగులోనూ అంతే, ఒకచోట సమానం, ఇంకోచోట ధర్మానికి తగినది.

"బానిసను బానిసగానే పెట్టుకుని సమానం ఎట్లా ఇస్తారయ్యా?" అని అడిగాను.

ఆయన గోడ వైపు చూస్తూ నవ్వారు. "నలభై ఏళ్ళు పాఠం చెప్పాను. ప్రతి ఏడాదీ ఎవరో ఒక విద్యార్థి ఇదే అడిగేవాడు. ప్రతి ఏడాదీ ఏదో ఒక జవాబు చెప్పేవాణ్ణి. ఒక్కటీ నాకు నచ్చలేదు."

అదే రోజుల్లో మా అన్నకు కిడ్నీలు రెండూ చెడిపోయాయని తేలింది. చాలా ఏళ్ళుగా ఉన్న బీపీని ఆయన పట్టించుకోలేదు. కాళ్ళు వాచి, ఊపిరాడక కదిర్కామం పెద్దాసుపత్రికి పోతే అక్కడ చెప్పారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. పొద్దున ఏడుకు పోతే మధ్యాహ్నం వచ్చేవాడు, వచ్చాక సాయంత్రం దాకా కళ్ళు తెరిచేవాడు కాదు. నాకున్న తోడబుట్టినవాడు ఆయన ఒక్కడే. అమ్మానాన్నలు లేరు. అన్నావదినలకు పిల్లలు లేరు. ఇంట్లోవాళ్ళెవరైనా కిడ్నీ ఇస్తే ఆయనకు మంచిదని డాక్టరు చెప్పింది. అన్నదీ నాదీ ఒకే రక్తం గ్రూపు అని మా బంధువుల్లో అందరికీ తెలుసు.

ఎవరూ నన్ను అడగలేదు. పెళ్ళిళ్ళలో, చావుల్లో కలిసినవాళ్ళు "అన్నకు ఎట్లుండాది?" అని అడిగి, నా మొహం కేసి కొంచెం ఎక్కువసేపు చూసి, కాఫీ తాగి పోయేవాళ్ళు. నా భర్త "నీ ఒళ్ళు, నీ ఇష్టం" అన్నాడు. అని, ఆ పూట కంచం ముందు నుంచి సగంలో లేచిపోయాడు.

శనివారాలు పోవడం మానాల్సింది. మానలేదు. పాదిరిగారు ఆ మొదటి ఉత్తరంలోనే వచ్చే ఇంకో ముక్క చదివించారు. ఎడారిలో ఆకాశం నుంచి పడిన తిండిని జనం ఏరుకున్న పాత కథ అది. ఎక్కువ ఏరుకున్నవాడికి ఏమీ మిగల్లేదు, తక్కువ ఏరుకున్నవాడికి ఏమీ తక్కువ కాలేదు. చదివి, నాకు తెలియకుండానే మా ఇంటి భాషలో అన్నాను.

"అందరికీ సరిపోయిండాది."

"ఏమన్నావు?" అన్నారాయన.

సరిపోవడం అంటే ఏమిటో తమిళంలో చెప్పాను. చెబుతూ ఉంటే ఒకటి వెనక ఒకటి వచ్చాయి. మా ఇంట్లో సమానం అని ఎవరూ అనరు. సరి అంటారు. కట్టె రెండు ముక్కలు చేస్తే సరిగా ఉండాయా అని అడుగుతారు. ఇద్దరు మనుషులు ఒకరికొకరు తీసిపోకపోతే సరికి సరి అంటారు. చేసిన పని న్యాయంగా ఉంటే సరే అంటారు, లేకపోతే ఇది సరి కాదు అంటారు. తిండి చాలితే సరిపోయింది అంటారు. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. తమిళంలోనూ సరి ఉంది, కానీ అక్కడ ఒప్పు అనేదే ముందుకొస్తుంది. మీ ఇంట్లో సమానం, న్యాయం రెండు అర్థాలూ ఒకే మాటలో ఉన్నాయి, గ్రీకులో ఉన్నట్టే అన్నారు. ఆ రోజు ఆయన చాలా సంతోషంగా ఉన్నారు. కాఫీ తానే కలుపుతానని లేచి, పంచదార డబ్బా పక్కకు చూస్తూ తీసి, రెండు చెంచాలు ఎక్కువ వేశారు.

నాకు మాత్రం ఇంటికొచ్చేసరికి ఆ సంతోషం లేదు. నా దగ్గర రెండు కిడ్నీలు, అన్న దగ్గర సున్నా. ఆయనకొకటి, నాకొకటి. సరి. చిన్నపిల్ల కూడా చేసే భాగహారం. కానీ మా ఇద్దరి మధ్య భాగహారం ఎక్కడ మొదలుపెట్టాలి? ఆయన్ను ఫ్రెంచి బడికి పంపారు, నన్ను వీధి చివరి బడికి పంపారు. నాన్న పోయాక ఇల్లు అన్న పేర వస్తుందని అందరూ అనుకున్నారు. నేను రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి నాకేమీ వద్దని సంతకం పెట్టాను. ఎవరూ బలవంతం చేయలేదు, ఎవరూ అడగనూ లేదు. సరే, అక్కడి నుంచి చూస్తే అన్నే నాకు బాకీ. కానీ నన్ను యానాం వేసినప్పుడు నా కూతురికి ఐదేళ్ళు. నా భర్తది అప్పుడు షిఫ్టుల పని. నాలుగేళ్ళు అన్నావదినలు దాన్ని పెట్టుకున్నారు. స్నానం చేయించి, జడలు వేసి, జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది వదిన. అక్కడి నుంచి చూస్తే మొత్తం తిరగబడుతుంది. ఏ ఏడాది నుంచి చూడాలో తెలియలేదు. ఇట్లా చూడడమే తప్పేమో అనీ అనిపించింది. బస్సులో, ఆఫీసులో, కూర తరుగుతూ ఇదే.

ఇంకా ఒకటి చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా. నాకు భయం వేసింది. కత్తి అంటే భయం. ఆ భయాన్ని నేను న్యాయం, అన్యాయం అని పేరు మార్చి పెట్టుకుంటున్నానేమో అనే అనుమానం కూడా ఉండేది.

ఒక శనివారం పాదిరిగారిని మామూలు ప్రశ్న అడిగినట్టు అడిగాను. "అయ్యా, ఆ ఊరివాళ్ళు చివరికి పంపారా?"

"పంపారు. ఇంకో ఉత్తరంలో ఉంది."

"పంపినవాళ్ళకు ఎప్పుడైనా తిరిగొచ్చిందా?"

"అది ఎక్కడా రాసి లేదు."

అప్పుడు విషయం చెప్పేశాను. ఆయన మొహం గోడ వైపు నుంచి నా వైపు తిప్పారు. అంటే ఆయనకు నేను కనపడకుండా పోయానన్నమాట.

"నువ్వు ఇదంతా మోసుకుని ప్రతివారం ఇక్కడికొచ్చి నాకు ఆ మాట చదివి వినిపించావా?" అన్నారు. "నాకు తెలిసుంటే అడిగేవాణ్ణి కాదమ్మా."

"మీరు ఏం చేయమంటారు?"

"నేను చెప్పను. ఆ ఉత్తరం రాసినాయన కూడా, ఇది ఆజ్ఞగా చెప్పడం లేదు అనే అంటాడు. కొంచెం పైన ఉంది, చదువు."

చదివాను. నిజంగానే ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఆజ్ఞ అయితే చేసేదాన్ని, లేదా తిట్టుకుని మానేసేదాన్ని. అడిగీ అడగనట్టు అడిగేవాళ్ళతో ఎట్లా వేగేది? ఆ రోజు కాఫీ తాగకుండా వచ్చేశాను.

తరవాతి వారం ఒక సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా అన్న ఇంటికి పోయాను. ఏమీ తేలలేదు, తేలుతుందని కూర్చుంటే ఎప్పటికీ తేలదని మాత్రం తెలిసింది. అన్న డయాలసిస్ అయి వచ్చి పడుకుని ఉన్నాడు. ఎడమచెయ్యి మీద సూదులు గుచ్చే చోట నరం తాడులాగా ఉబ్బి ఉంది. మంచం పక్కన కూర్చున్నాను.

"అన్నా, నేను టెస్టు చేయించుకుంటా."

కళ్ళు తెరవకుండానే అన్నాడు. "నేను నిన్ను అడగలే కదా, పాపా."

"అడగలే."

"మరేంది?"

"నువ్వు అడగవు గదా. అందుకే నేనే వచ్చినా."

అప్పుడు కళ్ళు తెరిచాడు. "ఇంటి కాగితంలోనూ నువ్వు ఇట్లనే చేసినావు. అడగక ముందే సంతకం పెట్టేసి యానాం పోయినావు. ఆ పొద్దు నీ భాగం అడిగి ఉంటే, ఈ పొద్దు నిన్ను అడిగేదానికి నాకు నోరొచ్చి ఉండేది."

నేను ఇన్నేళ్ళూ దాన్ని నేనిచ్చింది అనుకున్నాను. అది ఆయన గొంతులో ఇరుక్కుని ఉందని నాకు తెలియదు. దుప్పటి అంచు సర్దాను.

వంటింట్లో నుంచి వదిన వచ్చింది. చేతిలో ఆసుపత్రి కవరు ఉంది. చెయ్యి తడిగా ఉందేమో, కవరు మీద వేళ్ళ గుర్తులు పడ్డాయి. దాన్ని మంచం మీద పెట్టింది.

"నేను పోయి చూపించుకున్నా," అంది. "మూడు వారాలాయ. నాది ఓ పాజిటివ్ గ్రూపు. ఈయనకు పనికొస్తాదంట. ఇంకా కొన్ని టెస్టులు ఉండాయి. ఇంతవరకు అన్నీ సరిగానే ఉండాయన్నారు."

అన్న లేచి కూర్చున్నాడు. ఆయనకూ తెలియదని అప్పుడు అర్థమైంది. కదిర్కామంలో ఆయన్ను మంచం ఎక్కించి, నాలుగు గంటలు బయట కూర్చునే బదులు ఆవిడ తన పని చూసుకుని వచ్చేది.

"నాకెందుకు చెప్పలే, వదినా?" అన్నాను.

"మీరెవురూ నా గ్రూపు అడగలే కదా," అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే కారణం చెబుతున్నట్టు చెప్పింది.

"నేను రక్తసంబంధం. ముందు నాది చూడాల."

"ముందు నాది చూడనీ. నాది కాదంటే నీది. అంతే. కూర్చో, దోసె పోస్తా."

దోసెలు తిన్నాను. ఎన్ని తిన్నానో గుర్తులేదు. బయటికొచ్చి బస్టాపు దాకా నడుస్తుంటే కాళ్ళు తేలికగా ఉన్నాయి. గుండె మీద నుంచి రాయి దించినట్టుంది. రెండు వీధులు దాటేసరికి ఆ తేలికతనం చూసి నాకే అసహ్యం వేసింది. ఇంకో వీధి దాటాక వదిన మీద కోపం వచ్చింది. నేను అంత కష్టపడి నోరు తెరిచిన రోజునే ఆవిడ కవరు తేవాలా అని. దానికి మళ్ళీ సిగ్గు వేసింది. నన్ను ఎవరూ అడగలేదని నెలల తరబడి కుమిలినదాన్ని, వదినను ఎవరైనా అడిగారా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. నా దగ్గర రెండు, అన్న దగ్గర సున్నా, చెరొకటి అని నేను వేసుకున్న భాగహారంలో ఆవిడ లేనే లేదు. బక్కమనిషి, ఎవరింటినుంచో వచ్చిన మనిషి అనుకున్నానా? ఏమీ అనుకోలేదు. అదే సంగతి.

మిగతా టెస్టులన్నీ బాగానే వచ్చాయి. కిడ్నీ మార్పిడి కోసం వేరే ఊరి ఆసుపత్రికి పోయారు. అక్కడ కిడ్నీ ఇచ్చేవాళ్ళను విచారించే కమిటీ ముందు వదినను కూర్చోబెట్టి, నీ ఇష్టంతోనే ఇస్తున్నావా అని ముగ్గురు మూడు రకాలుగా అడిగారట. "ఇంట్లో ఎవురూ అడగలే, మీరన్నా అడిగినారు" అని చెప్పిందట. వాళ్ళు దాన్ని ఎట్లా రాసుకున్నారో తెలియదు. ఆపరేషను రోజు నేనూ నా భర్తా బయట బెంచీ మీద ఉన్నాం. ముందు వదినను తీసుకెళ్ళారు, తరవాత అన్నను. మధ్యాహ్నానికి రెండూ బాగా జరిగాయని చెప్పారు. నా భర్త నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆయన ఎందుకు పట్టుకున్నాడో, అది దేనికి సంతోషమో, నేను అడగలేదు.

పాదిరిగారికి చెప్పాను. ఆయన విని, "ఇప్పుడు తెలుగుకు ఏం రాయమంటావు?" అన్నారు. అప్పుడు చెప్పిన మా ఇంటి మాట, సరి అని రాయమంటానని ఆయన అనుకుని ఉంటారు. నాకు ఆ మాట మీద అంత నమ్మకం లేకపోయింది. తెలియదయ్యా అన్నాను. ఆయన తప్పు పట్టలేదు. తెలుగు పేజీ తరవాత చూద్దామని పక్కన పెట్టి, మలయాళం తీశారు. పుస్తకం ఇంకా పూర్తి కాలేదు.

నేను అనుకోనిది ఇంకొకటి జరిగింది. ఇంటికొచ్చాక అన్న రోజురోజుకూ తేరుకున్నాడు. మొహంలో రంగు వచ్చింది, పొద్దున్నే సముద్రం దాకా నడిచి వచ్చేవాడు, ఇది తింటా అది తింటా అనేవాడు. వదిన మాత్రం మంచం మీద నుంచి లేవడానికి రెండుసార్లు ప్రయత్నం చేసేది. ఒళ్ళు బాగున్న మనిషి పోయి జబ్బు మనిషిగా వచ్చింది. ఇచ్చినవాళ్ళకు మొదట్లో అట్లాగే ఉంటుంది, పోతుంది అని డాక్టరు చెప్పింది. నేను మూడు నెలలు పొద్దున ఆఫీసుకు ముందు పోయి వండి పెట్టాను. సాంబార్లో చింతపండు ఎక్కువైందని వదిన రోజూ చెప్పేది. మొదట్లో తల ఊపేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి, "రేపు నుంచి నువ్వే చేసుకో" అన్నాను. "చేసుకుంటా పో" అంది. మరునాడు నేను పోయేసరికి పొయ్యి దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, నిజంగానే చింతపండు పిసుకుతూ ఉంది. నేను కూరగాయలు తరిగాను. ఇద్దరిలో ఎవరికీ కోపం లేదని నాకు అనిపించింది. ఆవిడకు ఏమనిపించిందో తెలియదు.

ఏడాది దాటింది. ఇప్పుడు వదిన బాగానే ఉంది. పోయిన నెల చెకప్‌కు నన్ను తోడు రమ్మంది. అన్న వస్తానన్నా వద్దంది. పొద్దున్నే బస్సెక్కి పోయాం. కౌంటర్లో కాగితం నింపే అమ్మాయి నన్ను చూసి, మీరు ఈవిడకు ఏమవుతారు అని అడిగింది. ఆడబిడ్డను అని తమిళంలో చెప్పాను. ఆ అమ్మాయి కంప్యూటర్లో వెతికింది. ఆ మాట అందులో లేదట. కూతురు అని ఉంది, అక్కచెల్లెళ్ళు అని ఉంది, ఇతరులు అని ఒకటి ఉంది. ఏది పెట్టమంటారు అంది. నేను వదిన వైపు చూశాను. వదిన నా వైపు చూసింది. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. ఆ అమ్మాయి ఏదో ఒకటి నొక్కి, కాగితం చేతికిచ్చి, తరవాతివాళ్ళను పిలిచింది.

కుర్చీల్లో కూర్చున్నాక వదిన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆ కాగితం నా చేతిలోనే ఉంది. దాన్ని తిప్పి ఏం పెట్టిందో చూడొచ్చు. చూస్తే భుజం కదులుతుందని చూడలేదు. మా నంబరుకు ముందు ఇంకా పద్నాలుగుమంది ఉన్నారు.